మేకు దిగిన చోటు

మా వీధిలో అందరూ ఆమెను మేకులత్త అనేవాళ్లు. పాత కలప అడ్డాలో మేకులు పీకడం ఆమె పని. ఎక్కడ పాత ఇల్లు పడగొట్టినా దాని దూలాలు, ద్వారబంధాలు, కిటికీ రెక్కలు, మెట్ల చెక్కలు లారీలకెక్కి ఆ అడ్డాకి వచ్చి పడేవి. వాటిని మళ్లీ అమ్మాలంటే ముందు లోపలున్న ఇనుమంతా బయటికి రావాలి. ఆమె ఒక మొద్దు మీద కూర్చుని, చెక్కను రెండు కాళ్ల మధ్య నొక్కిపట్టి, పటకారుతో ఒక్కో మేకూ లాగేది. తల విరిగిన మేకైతే వెనకనుంచి కొట్టి, విరిగిన కొస ఇవతలికి రప్పించి, దాన్ని పట్టుకుని పీకేది. అరచేతులు తుప్పు రంగు తేలిపోయాయి. ఎంత తోమినా ఆ రంగు పోయేది కాదు.

నేను బట్టలు కుడతాను. వాళ్లదీ మాదీ ఒకే ఇంట్లో రెండు వాటాలు. అటు దగ్గితే ఇటు వినిపించేంత పల్చటి గోడ మధ్యలో. అందుకే ఈ సంగతులన్నీ నాకు తెలిశాయి. కొన్ని చూశాను, కొన్ని విన్నాను, మిగతావి అత్తే చెప్పింది.

అత్త మొగుడు వడ్రంగి మేస్త్రి. తలుపులు చెయ్యడంలో ఆయనకు పెద్ద పేరు. ఆయన పెట్టిన తలుపు మూస్తే సందులో కాగితం కూడా దూరదనేవాళ్లు. పనిలో ఎంత నేర్పరో ఇంట్లో అంత కరకు మనిషి. పెళ్లాన్ని పిలవాలంటే "ఏయ్" అనేవాడు, అంతే. ఆయన పనిముట్ల పెట్టె మంచం కింద ఉండేది. దాన్ని ఎవరూ తాకకూడదు. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి మూత రాని డబ్బాను అత్త ఆయన ఉలితో తెరిచిందట. ఆయన అరవలేదు, కొట్టలేదు. ఆ ఉలి తీసుకుని, అన్నం కూడా మానేసి, సానపడుతూ కూర్చున్నాడట. ఆ తర్వాత చాలాకాలం ఆమె చేత్తో ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టలేదట. "తిట్టినా బాగుండేది అమ్మాయ్. తిట్టుకైనా మనిషిననిపించేది," అని ఒకసారి నాతో అంది.

అలాంటి మనిషి ఒక రోజు, కొత్తగా కడుతున్న ఇంట్లో ద్వారం నిలబెడుతూ, నిలబెడుతూనే కూలిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు వంకరపోయింది. ఆస్పత్రి నుంచి తెచ్చాక ముందుగదిలో, వెలుతురు బాగా వచ్చే చోట మంచం వేశారు. మాట రాదు. ఏం కావాలన్నా ఎడమ చేత్తో మంచం పట్టెను కొట్టడమే. ఒక్క దెబ్బ అంటే కాదు, రెండు దెబ్బలంటే అవును. కొన్నాళ్లకి ఆ లెక్క వాళ్లిద్దరి మధ్యా దానంతటదే కుదిరింది.

అత్త పొద్దున్నే ఆయనకు ఒళ్లు తుడిచి, ముద్ద తినిపించి, అడ్డాకి పోయేది. మధ్యలో నేను వెళ్లి నీళ్లు పట్టేదాన్ని. సాయంత్రం వస్తూ అత్త గోనెసంచిలో చెక్క ముక్కలు తెచ్చేది. అమ్మడానికి పనికిరాని పొట్టి ముక్కల్ని తీసుకుపొమ్మని అడ్డా యజమాని ఎప్పుడో చెప్పాడు. పొయ్యిలోకి అవే.

ఒక సాయంత్రం నేను ఆయన చొక్కాలు ఇవ్వడానికి వెళ్లాను. ఒంటి చేత్తో గుండీలు పెట్టుకోలేడని, గుండీలన్నీ తీసి నాడాలు కుట్టాను. అత్త పొయ్యి దగ్గర కూర్చుని ఒక ముక్కను మంటలోకి తోస్తోంది. మంచం పట్టె మీద దబదబా దెబ్బలు. అత్త లేచి పరుగున బెడ్‌పాన్ తెచ్చింది. ఆయన దాన్ని తోసేశాడు. మంచినీళ్లు ఇచ్చింది. అవీ తోసేశాడు. ఆయన చూపు మాత్రం పొయ్యి మీంచి కదల్లేదు. చివరికి నేనే ఆ చెక్క బయటికి లాగి, అంచు ఆర్పి, ఆయన చేతికిచ్చాను.

ఆయన దాన్ని వాసన చూశాడు. బొటనవేలు నాలికతో తడిపి చెక్క మీద గట్టిగా రుద్దాడు. బూడిద రంగులో, దుమ్ము పట్టి ఉన్న ఆ ముక్క మీద, రుద్దిన మేర ఎర్రటి రంగు తేలింది. లోపల సన్నటి గీతలు, నీళ్లలో అలల్లా. మంచి ముదురు టేకు. ఆయన మా ఇద్దరి వంకా ఎంత అసహ్యంగా చూశాడంటే, మాట వచ్చిన రోజుల్లో కూడా అలా చూసి ఉండడు.

తర్వాత వేలితో మంచం కింద చూపించాడు. పెట్టె తియ్యమని.

అత్త కదల్లేదు. "అమ్మో, నేను ముట్టను. ముట్టుకుంటే చంపేస్తావు."

ఆయన రెండుసార్లు కొట్టాడు.

తియ్యమన్నాడో, నిజంగానే చంపుతానన్నాడో మాకు అర్థం కాలేదు. అత్తకి నవ్వొచ్చింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, వంగి, పెట్టె బయటికి లాగింది.

అలా మొదలైంది ఆ చదువు. ఇద్దరికీ నరకమే. చిత్రిక పట్టి చెక్క నునుపు తియ్యడం నేర్చుకోవడానికి ఆమెకి ఆ వానాకాలమంతా పట్టింది. చెక్క గీత ఎటు పోతోందో చూసుకోకుండా దానికి ఎదురు చిత్రిక పడితే చెక్క లేచి చీలిపోతుంది. చీలిందా, ఠక్కున దెబ్బ పడేది. ఉలి వాలుగా పట్టుకుంటే దెబ్బ. జిగురు ఎక్కువైతే దెబ్బ. అత్త ఊరుకునేది కాదు.

"నోరు పడిపోయినా ఈ మనిషి నోరు మాత్రం మూయలేదు తల్లీ!" అని గోడ అవతలనుంచి నాకు వినపడేలా అరిచేది. "ఇంకో మంచం చూడాలి, దీనికి పట్టె మిగిలేలా లేదు."

అయినా నేర్చుకుంది. మొదట చిన్న చిన్న పెట్టెలు, అద్దాల చట్రాలు, గోడకి కొట్టే అల్మారా పలకలు. అంచులు అతికే చోట మేకు లేకుండా, ఒక చెక్క పంటిని ఇంకో చెక్క గాడిలోకి దించడం ఆయన పట్టుబట్టి నేర్పాడు. బిగువు చాలకపోతే విప్పించి మళ్లీ చేయించాడు. మేకులు పీకే ఆమెకు మేకులు వాడకుండా పని నేర్పుతున్నాడని నేను నవ్వితే, "నా మీద కసి అలా తీర్చుకుంటున్నాడు," అంది అత్త.

అడ్డాకి అప్పుడప్పుడూ ఒకావిడ వచ్చేది. పెద్ద కళ్లద్దాలు, భుజానికి సంచి. పెద్దవాళ్ల ఇళ్లూ ఆఫీసులూ లోపల అందంగా తీర్చిదిద్దడం ఆవిడ పని. ఒక మధ్యాహ్నం పాత తలుపు వెతుక్కుంటూ వచ్చి, అత్త కూర్చున్న మొద్దు దగ్గర ఆగిపోయింది. సంచిలో వేసుకోబోయే ముక్కల్ని అత్త నేల మీద రంగుల వారీగా పేర్చి ఉంది. నల్లటివి ఒక వైపు, అక్కణ్నుంచి ఎరుపు, తేనెరంగు, చివరికి పాలిపోయిన మామిడి చెక్క.

"ఇలా ఎవరు పేర్చారమ్మా?"

"ఊరికే. పొద్దుపోక."

"ఇలాగే గోడకి తగిలించేలా చేసిస్తారా?"

"గోడకి తగిలించి ఏం చేస్తారు?" అని అడిగింది అత్త, నిజంగానే తెలియక.

"చూస్తారు," అంది ఆవిడ.

మొదటి పలక విషయంలో అంతా మేస్త్రి చెప్పినట్టే జరిగింది. చిన్న చిన్న దిమ్మెల్ని కొన్ని ఎత్తుగా, కొన్ని లోతుగా ఒక పలక మీద పేర్చారు. పక్కనుంచి వెలుతురు పడితే ఒకదాని నీడ ఇంకోదాని మీద వాలేది. పాత రంగు మచ్చలన్నీ ఆయన గీకించాడు. మేకు కన్నాలన్నిటినీ రంపపు పొట్టూ జిగురూ కలిపిన ముద్దతో పూడ్పించాడు. గరుకు ఉప్పుకాగితంతో అద్దంలా రుద్దించాడు. కళ్లద్దాలావిడ దాన్ని తీసుకుంది, బాగుందంది, ఇంకోటి చెయ్యమంది.

రెండోదాని దగ్గర గొడవ మొదలైంది. ఈసారి అత్త గీకనంది. నేను అక్కడే గుమ్మంలో కూర్చుని కాజాలు కుడుతున్నాను.

"ఈ నీలం రంగు చూడు. ఎవరో ముచ్చటపడి కిటికీకి వేసుకున్నారు. దీన్ని గీకను."

ఠక్.

"ఈ కన్నంలోంచి మేకు లాగింది నేను. చెయ్యి బొబ్బలెక్కింది. చుట్టూ ఆ నల్లటి మచ్చ చూడు, ఇన్నేళ్లూ ఆ చెక్క ఆ ఇనుముని మోసింది. దీన్నెందుకు పూడ్చాలి?"

ఠక్.

"కొట్టు, కొట్టు. మహా అయితే మంచం విరుగుతుంది. బాగుచెయ్యడానికి నేనున్నాగా ఇప్పుడు."

ఆయన చెయ్యి పైకి లేచి, అలాగే ఆగిపోయింది. కన్నాలున్న చెక్క గుమ్మం దాటి పోవడం ఆయన తన పనిలో ఎన్నడూ ఎరగడు. చెయ్యి దించి, మెల్లగా, పడిపోని వైపుగా ఒత్తిగిలి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత మంచం పట్టె మోగలేదు. ఆకలైనా, దాహమైనా మోగలేదు. అత్తే గంట గంటకీ వెళ్లి వంగి చూసి కనుక్కోవాల్సి వచ్చేది. ఉలి సంగతి అప్పుడే నాకు చెప్పింది.

ఆ రెండో పలకతోనే పని పెద్దదైంది. కళ్లద్దాలావిడ దాన్ని చూసి, అలాంటివే ఇంకా చేయించి, ఒక కంపెనీ ఆఫీసు ముందు హాల్లో గోడ పొడుగునా పెట్టించింది. తగిలించే రోజు నేనూ వెళ్లాను. పనివాళ్లు దీపాలు వేశారు. ఎవరెవరి వంటిళ్ల కిటికీలో, పడగ్గది తలుపులో, పిల్లలు ఎక్కి దిగిన మెట్లో, అన్నీ ఒక గోడ మీదకొచ్చి పక్కపక్కన నిలబడ్డాయి. నీలం, వెలిసిన ఆకుపచ్చ, పొగచూరిన నలుపు. ప్రతి ముక్కలోనూ ఒక మేకు కన్నం. ఆ ఆఫీసులో పనిచేసే ఇద్దరు ఆడపిల్లలు దాని ముందు నిలబడి ఫోటో తీసుకున్నారు. జరగమన్నట్టు చెయ్యి ఊపితే అత్త పక్కకి జరిగింది. ఆ పని చేసింది ఆమేనని వాళ్లకి తెలియదు. ఆమె చెప్పనూ లేదు.

ఇంటికొచ్చి మొగుడి మంచం పక్కన కూర్చుంది. "దీపాలు వేస్తే బాగుందయ్యా," అంది. ఆయన తల తిప్పలేదు. "వింటున్నావా?" అంది. లేచి పొయ్యి దగ్గరికి పోయింది. పనిలో గెలిచినామె ముఖం అలా ఉండదు.

ఒక ఎండాకాలం గడిచింది. ఆ కంపెనీ ఉన్నట్టుండి మూతపడింది. అందులో కొత్తగా దిగినవాళ్లకి పాత గోడలేవీ అక్కర్లేదు. అంతా పీకి అవతల పారేశారు. ఆ చెత్త లారీ నేరుగా అడ్డాకే వచ్చింది.

అత్త మొదట నీలం రంగు చూసిందట. చూసి కూడా వేరే ఇంటి కిటికీ అనుకుందట. దగ్గరికెళ్తే పలక మూడు ముక్కలై ఉంది. తీసేవాళ్లకి స్క్రూలు విప్పే ఓపిక లేక గునపంతో పెకలించారు. దాని మీద ఇంకేవో అడ్డపట్టీలు అడ్డదిడ్డంగా మేకులతో కొట్టి ఉన్నాయి, లారీలో కదలకుండా.

"ఏంటత్తా, అలా నిలబడిపోయావ్?" అడిగారు తోటివాళ్లు.

"ఏం లేదు. మేకులు తియ్యాలి కదా," అని మొద్దు మీద కూర్చుంది. కూర్చుని పటకారుతో తన పనిలోంచే మేకులు లాగింది.

ఆ సాయంత్రం రిక్షాలో ఒక ముక్క ఇంటికి తెచ్చింది. ఒక కొస ఆమె, ఒక కొస నేను పట్టుకుని లోపలికి చేర్చి, మంచానికి ఎదురుగా గోడకి ఆనించాం. చప్పుడుకి ఆయన ఇటు తిరిగాడు. చెక్కను చూశాడు. పెళ్లాం ముఖం చూశాడు. మళ్లీ చెక్కను చూశాడు. ఆయనకి ఊపిరాడటం లేదేమోనని నాకు మొదట భయమేసింది. గొంతులోంచి ఏదో గరగరమని వస్తోంది. తీరా చూస్తే నవ్వుతున్నాడు. పడిపోయిన సగం ముఖం అలాగే ఉంది, మిగతా సగం నవ్వుతోంది.

అత్తకి ఒళ్లు మండిపోయింది. "నవ్వు! బాగా నవ్వు! నీ కడుపు చల్లబడిందా? తిరిగి తిరిగి నా ఒళ్లోకే వచ్చి పడింది, చూశావా..." అంటూ అంటూనే ఆమెకి కూడా ఆగలేదు. నేల మీద చతికిలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ ఇంట్లో వాళ్లిద్దరూ కలిసి నవ్వగా నేను విన్నది అప్పుడొక్కసారే.

నవ్వు ఆగాక ఆయన దగ్గరికి తెమ్మని సైగ చేశాడు. పలకను మంచం మీద పెట్టాం. ఆయన ముందు అతుకులు చూశాడు. గునపం దెబ్బకి చెక్క నిలువునా చీలింది గానీ, మూలల్లో పంటిని గాడిలోకి దించిన చోట ఒక్కటీ ఊడలేదు. ప్రతి మూలనూ వేలితో తడిమాడు. రెండుసార్లు కొట్టాడు.

అత్త ముక్కు చీదింది.

తర్వాత ఆయన బొటనవేలు నీలం ముక్క మీదికి జారింది. మేకు కన్నం దగ్గర ఆగింది. కాసేపు అక్కడే ఉంచాడు. అత్త ఆ వేలినే చూస్తోంది. ఆయన ఒకసారీ కొట్టలేదు, రెండుసార్లూ కొట్టలేదు. వేలు తీసేసి కళ్లు మూసుకున్నాడు.

మర్నాటినుంచి గోడ అవతల మళ్లీ ఠక్ ఠక్ మొదలైంది. కళ్లద్దాలావిడ ఇంకేవో ఇళ్లకి పలకలు అడుగుతూనే ఉంది. ఒక్కో కన్నం దగ్గరా పోట్లాటే. కొన్ని ఆయన పూడ్పించాడు, కొన్ని ఆమె పూడ్చనంది. "ఇది సరే, నీ మాటే. అది మాత్రం నాది," అని ఆమె బేరమాడేది, ఆయన పట్టె కొట్టి జవాబిచ్చేవాడు. ఆ కొద్దికాలంలో వచ్చిన పలకలు చూస్తే, ఏది ఎవరి మాటో నేను చెప్పగలిగేదాన్ని.

చలికాలంలో ఆయనకి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. డాక్టరు వచ్చి చూసి, అత్తను బయటికి పిలిచి మాట్లాడాడు. "అన్ని రోజులూ పని మానేసి కూర్చుంటే ఎలా గడుస్తుంది," అని ఆమె అడ్డాకి పోతూనే ఉంది. ఒక మధ్యాహ్నం నేను చెంచాతో నీళ్లు పోస్తుంటే, నీళ్లు పెదవి పక్కనుంచి కారిపోయాయి. మళ్లీ పోశాను. మళ్లీ కారాయి.

మా ఆయన పరుగెత్తుకెళ్లి అత్తను తీసుకొచ్చాడు. ఆమె గుమ్మంలో ఆగింది. మంచం వంక చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది. నిండా తుప్పు.

"ఉండు, చేతులు కడుక్కొస్తాను. ఈ చేతులతో ముట్టుకుంటే ఆయనకి గిట్టదు," అంది.

పంపు దగ్గర చాలాసేపు కడుక్కుంది. నీళ్లు పడుతున్న చప్పుడు వింటూ నేను ఆయన తల దగ్గర నిలబడ్డాను.

మేస్త్రి పోయాడని కబురంది, అత్త కూతురూ అల్లుడూ వేరే ఊరినుంచి వచ్చి నాలుగు రోజులుండి పోయారు. తమతో వచ్చెయ్యమని కూతురు ఏడ్చింది. పనిముట్లు కావాలంటే మంచి ధరకి పోతాయని అల్లుడు, పాపం, మంచికే అన్నాడు. అత్త దేనికీ అవుననలేదు, కాదనలేదు. వాళ్లు వెళ్లిన మర్నాడు అడ్డాకి పోయింది.

కళ్లద్దాలావిడ చాలాసార్లు ఫోన్ చేసింది. ఎవరిదో కొత్త ఇల్లు, భోజనాల గదికి పెద్ద పలక కావాలట, అత్త చేసిందే కావాలట. అత్త ఒప్పుకుంది కూడా. ముక్కలు ఏరుకొచ్చింది. నేల మీద పేర్చింది. రోజుల తరబడి పేరుస్తూనే ఉంది, తీస్తూనే ఉంది. ఒక పొద్దున నన్ను పిలిచింది.

"ఎలా ఉంది?"

"బాగుంది అత్తా."

"ఈ కన్నం పూడిస్తే?"

"అదీ బాగుంటుంది."

"నీకన్నీ బాగానే ఉంటాయి," అంది విసుగ్గా. నా మీద కోపం కాదని నాకు తెలుసు. అయినా గుచ్చుకుంది.

ఆ సాయంత్రం ఆ ముక్కలు పొయ్యిలో మండుతున్నాయి. టేకు వాసన మా ఇంట్లోకి కూడా వచ్చింది. నేను వెళ్లి, "అదేంటత్తా, ఆవిడ ఎదురుచూస్తుంటేనూ?" అన్నాను.

పుల్లతో నిప్పులు ఎగదోస్తూ కూర్చుంది. "చెయ్యలేనని చెప్పెయ్ అమ్మాయ్. నీ ఫోన్‌లోనే చెప్పెయ్."

"చేతిలో పని ఉంచుకుని..."

"చెయ్యొచ్చు. చేస్తే మాత్రం, ఎవరితో పోట్లాడను?"

ఆ రాత్రే ఫోన్ తీసి కళ్లద్దాలావిడకి చెప్పేశాను. ఆవిడ బాధపడింది. తర్వాత వేరే పనివాళ్లను చూసుకుంది.

అప్పటినుంచీ అత్త మేకులే పీకుతోంది. మోకాళ్లు పట్టేసి, మొద్దు మీంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. తెచ్చే ముక్కల్లో ఏది టేకో, ఏది మద్ది చెక్కో చూడటం కూడా మానేసింది. చేతికందింది పొయ్యిలో పెడుతుంది.

మొన్న ఒక సెలవు రోజు గోడ అవతల చిత్రిక చప్పుడు వినిపించి, కుడుతున్న బట్ట పక్కన పడేసి వెళ్లాను. అత్త ఒక పొట్టి చెక్కను బల్లకి బిగించి చిత్రిక పడుతోంది. గీత వాలునే, మెత్తగా, పొరలు పొరలుగా. చెక్క సన్నబడుతోంది. ఇంకా పడుతోంది.

"ఏం చేస్తున్నావత్తా?" ఆశగానే అడిగాను.

"ఏం లేదు. వాడకపోతే తుప్పు పడుతుందని."

చెక్క చేతిలో నిలవనంత పల్చబడ్డాక ఆపింది. చిత్రిక అడుగును కొంగుతో తుడిచి, నూనె రాసి, పెట్టెలో పెట్టింది. నేల మీద కుప్పగా పొట్టు. చీపురు తెచ్చి ఊడవబోయి, వంగలేక గోడ పట్టుకుంది. చీపురు నేను తీసుకున్నాను.